అమ్మేదీ మనమే, కొనేదీ మనమే

సంక్రాంతికి మన జిల్లా కమిటీ సభ్యుడొకరి కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. అయోవా రాష్ట్రంలో ఉద్యోగం. ఆ దేశంలో మక్కలు అన్నిటికంటే ఎక్కువ పండేదీ, ఇథనాల్ ఎక్కువ తయారయ్యేదీ ఆ రాష్ట్రంలోనే. సంఘం ఆఫీసులో చాయ్ తాగుతూ ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. పక్కింటాయన కారట, ఫోర్డ్ మస్టాంగ్. కంపెనీ ఇచ్చినట్టు ఉంచకుండా ఇంజను మీద సూపర్‌ఛార్జర్ అనే సామాను అదనంగా బిగించుకున్నాడు. స్టార్ట్ చేసిన చప్పుడుకు ఫోన్ చేతిలో అదిరింది. "కాకా, ఇది ఉత్త పెట్రోల్ తాగదు. మక్కలు తాగుతది" అన్నాడు పిల్లవాడు.

అందరం నవ్వాం. ఒకాయన మాత్రం నవ్వలేదు. వానాకాలం మక్కలు క్వింటాలు 1800కు అమ్ముకొని వచ్చిన మనిషి. "మక్కలు తాగే బండికి అంత బలం వస్తే, పండించినోనికి ఎందుకు వస్తలేదురా?" అన్నాడు. దానికి ఆ పిల్లవాడి దగ్గర జవాబు లేదు. మా దగ్గరా అప్పటికప్పుడు లేదు. తర్వాత కూర్చొని లెక్కలు తీశాం. ఆ లెక్కలే ఈ నెల మీ ముందు పెడుతున్నాం.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. మనకెందుకు పందెం కార్ల ముచ్చట అనుకోవద్దు, మన స్ప్రేయరు ఎందుకు మొరాయిస్తున్నదో ఆ కారే చెబుతుంది.

ఇంజను బలం అంటే లోపల కాలే ఇంధనం. ఇంధనం కాలాలంటే గాలి కావాలి. మామూలు ఇంజను తనంతట తాను పీల్చుకున్నంత గాలే తీసుకుంటుంది. సూపర్‌ఛార్జర్ అంటే ఇంజను బెల్టుతోనే తిరిగే ఒక బ్లోయర్. గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే ఇంధనం ఎక్కువ పోయొచ్చు, బలం పెరుగుతుంది. కానీ గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు చేతికి కాలుతుంది కదా, అదే. ఆ వేడికి, ఆ ఒత్తిడికి పెట్రోల్ ప్లగ్గు నిప్పు అంటించక ముందే, లేదా అంటించిన తర్వాత మిగిలింది ఒక్కసారిగా, తనకు తాను పేలుతుంది. మెకానిక్‌లు నాకింగ్ అంటారు. సుత్తితో కొట్టినట్టు టకటకమని వినిపిస్తుంది. అది ఆగకుండా సాగితే పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

ఇథనాల్ ఇక్కడ పనికొస్తుంది. దానికి ఆక్టేన్ ఎక్కువ, అంటే తనకు తాను పేలకుండా ఓర్చుకునే గుణం ఎక్కువ. రెండో గుణం, ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని బాగా లాక్కుంటుంది. సూది వేసే ముందు నర్సమ్మ స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది చూడండి, ఇంజను లోపల జరిగేది కూడా అదే. పెట్రోల్ కంటే రెండింతలకు పైగా ఈ చల్లదనం దీనికి ఉంది. అందుకని బ్లోయర్ గాలిని ఇంకా గట్టిగా ఒత్తొచ్చు, నిప్పు ఇంకా ముందుగా అంటించొచ్చు, ఇంజను ఓర్చుకుంటుంది.

ఇవి ప్రచారం మాటలు కావు. స్వీడన్‌లో కోనిగ్‌సెగ్ అనే చిన్న కంపెనీ రెండు సూపర్‌ఛార్జర్లున్న తన కారును 2007లో ఈ85 ఇంధనానికి తగినట్టు మార్చింది. ఈ85 అంటే 85 శాతం దాకా ఇథనాల్. పెట్రోల్ మీద 806 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజను 1018కి పోయింది. 2023లో అమెరికాలో డాడ్జ్ కంపెనీ డీమన్ 170 అని ఒక కారు తెచ్చింది. దానికీ సూపర్‌ఛార్జరే. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పోస్తే 900 హార్స్‌పవర్, ఈ85 పోస్తే 1025. బండి అదే, ఇంజను అదే, పోసిన ఇంధనం ఒక్కటే మారింది. అమెరికాలో పెద్ద పేరున్న ఇండియానాపొలిస్ 500 పందెంలో 2007లో కార్లన్నీ ఇథనాల్ మీదే పరుగెత్తాయి. కాబట్టి ఇథనాల్ ఇంజన్లను చంపే విషం అని వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు. మన సంఘం ఇథనాల్‌కు వ్యతిరేకం కాదు. మక్కలకు, చెరుకుకు, నూకలకు ఇంకో గిరాకీ దొరికితే వద్దనడానికి మనకేం పట్టింది?

అయితే ఆ పక్కింటాయన ఉత్తగా ఈ85 పోసుకోలేదు. ఇథనాల్‌కు లీటరులో ఉండే సత్తువ పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. కిలో పెట్రోల్ కాలడానికి పద్నాలుగున్నర కిలోలకు పైన గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు తొమ్మిది కిలోలు చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. ఈ85కు సుమారు 30 శాతం ఎక్కువ. అందుకని ఆయన ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేయించాడు, ట్యాంకులో పంపు మార్పించాడు, ఇంజను కంప్యూటర్‌ను కొత్తగా ట్యూన్ చేయించాడు. పైపులో ఒక సెన్సార్ పెట్టించాడు, ఇప్పుడు వస్తున్న ఇంధనంలో ఇథనాల్ ఎంత శాతమో అది చెబుతుంది. ఎందుకంటే అక్కడ ఈ85 అని బోర్డు ఉన్నా లోపల ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు, చలికాలంలో తగ్గిస్తారు. శాతం తెలియకుండా నడిపితే ఇంజను పోతుందని ఆయనకు తెలుసు.

పిల్లవాడు చెప్పిన ఇంకో మాట మాకు బాగా తగిలింది. అయోవాలో మంచు పడే నాలుగు నెలలు ఆ కారును షెడ్‌లో పెట్టేస్తాడట. పెట్టే ముందు ట్యాంకులో ఉన్న ఈ85 అంతా కాల్చేసి, ఇథనాల్ అసలు లేని పెట్రోల్ కొని పోస్తాడు. అది కూడా అక్కడి బంకుల్లో దొరుకుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నిలవ ఉంటే పైపులను, లోహాన్ని తింటుంది. షోకు కోసం నడిపే కారుకు అంత జాగ్రత్త.

ఇప్పుడు మన స్ప్రేయరు దగ్గరికి వద్దాం.

వీపుకు తగిలించుకొనే పవర్ స్ప్రేయరు, గడ్డి కోసే మిషను, పవర్ వీడరు, చిన్న నీళ్ల ఇంజను. ఇవన్నీ పెట్రోల్‌వే. ట్రాక్టరు డీజిల్ కాబట్టి దాని జోలి ఇక్కడ లేదు. వానాకాలం మందు కొట్టడం అయ్యాక స్ప్రేయరును కొట్టంలో మూలకు పెడతాం. ట్యాంకులో అర లీటరు పెట్రోల్, ఆయిల్ కలిపింది అట్లాగే ఉంటుంది. రెండు మూడు నెలలు గడిచాక యాసంగిలో తీసి తాడు లాగితే లేవదు. పది సార్లు లాగితే భుజం పోతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే కార్బురేటర్ విప్పి చూపిస్తాడు. లోపల జిగట, పచ్చగా పాచి. డయాఫ్రమ్ పొర గట్టిపడి ఉంటుంది. రబ్బరు పైపు ఉబ్బి ఉంటుంది, లేదా వేలితో ఒత్తితే పగులుతుంది. కిందటేడు మా మండలంలోనే ఇట్లాంటివి ఎన్ని చూశామో లెక్క లేదు. ఒకాయన మిర్చికి తామర పురుగు ఉధృతంగా ఉన్న రోజుల్లో రెండు రోజులు మందు ఆపుకోవాల్సి వచ్చింది. కొత్త కార్బురేటర్, పైపులు, మెకానిక్ కూలి ఒక ఎత్తు, ఆ రెండు రోజులు పోయిన పంట ఒక ఎత్తు.

కారణం ఆ పందెం కారు చెప్పిందే. కారు కంప్యూటర్ ఇథనాల్ శాతం చూసి ఇంధనం పెంచుతుంది. మన స్ప్రేయరు కార్బురేటర్‌కు కళ్లు లేవు. పాత పెట్రోల్‌కు ఎంత రంధ్రం పెట్టారో అంతే ఉంటుంది. ఇరవై శాతం ఇథనాల్ వచ్చినా అంతే పోస్తుంది. గాలికి తగ్గ ఇంధనం అందదు, ఇంజను వేడెక్కుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆయిల్ కూడా పెట్రోల్‌తోనే లోపలికి పోతుంది కాబట్టి దెబ్బ రెండు రకాలుగా పడుతుంది. ప్లాస్టిక్ ట్యాంకులో, తేమ గాలిలో నిలవ ఉన్న ఇథనాల్ నీళ్లు పీల్చి పీల్చి, ఒక హద్దు దాటాక పెట్రోల్ నుంచి విడిపోయి అడుగున చేరుతుంది. ఇంజను ముందుగా తాగేది అడుగున ఉన్నదే.

ఈ సీజన్‌కు మాత్రం ఇట్లా చేయండి. పని అయిపోగానే ట్యాంకు వంచి ఖాళీ చేయండి, తర్వాత ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడపండి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా కాలిపోతుంది. ఆయిల్ కలిపిన పెట్రోల్ ఏ వారానికి ఆ వారం సరిపడా కలుపుకోండి, నెల దాటింది వాడొద్దు. పెట్రోల్ తెచ్చేది మూత గట్టిగా పట్టే డబ్బా అయ్యుండాలి, కూల్‌డ్రింక్ సీసాలు వద్దు. పైపు మార్పించేటప్పుడు ఇథనాల్‌కు ఆగే రకం అడిగి వేయించండి. జెట్ రంధ్రం సొంతంగా సూదితో పెద్దది చేసే ప్రయోగాలు ఒద్దు, ఇద్దరు సభ్యులు ఇప్పటికే ఇంజన్లు పోగొట్టుకున్నారు.

మోటారు సైకిళ్ల విషయం కొంచెం వేరు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలో ఈ20కి ఆగే సామాన్లు వేస్తున్నారు. అట్లాంటి బండి ఉన్న మన సభ్యుడొకరు, నాకేం తేడా లేదు, మీరు ఊరికే భయపెడుతున్నారు అన్నాడు. ఆయన మాట ఆయన బండికి నిజమే. కానీ ఊళ్లో తిరిగే బండ్లలో సగానికి పైగా పదేళ్లు దాటినవే. నీతి ఆయోగ్ 2021లో వేసిన నివేదికలోనే, పాత ద్విచక్ర వాహనాలకు మైలేజీ మూడు నాలుగు శాతం, పాత కార్లకు ఆరు ఏడు శాతం తగ్గుతుందని రాశారు. అందుకు పరిహారంగా ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను మామూలు పెట్రోల్ కంటే తక్కువ ధరకు అమ్మాలని కూడా అదే నివేదిక చెప్పింది. మొదటి ముక్క జరిగింది, రెండో ముక్క జరగలేదు. ఎందుకు జరగలేదని జనం అడిగితే 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ జవాబిచ్చింది. అప్పట్లో ఇథనాల్ పెట్రోల్ కంటే చౌక, ఇప్పుడు సగటున లీటరు 71 రూపాయల 32 పైసలు పడుతున్నది, శుద్ధి చేసిన పెట్రోల్ ఖర్చే దీనికంటే తక్కువ, కాబట్టి తగ్గించలేం అని. పెరిగిన ధర రైతుకు పోతున్నదని కూడా అందులో ఉంది.

రైతుకు ఎంత పోయిందో చూద్దాం. మక్కలతో చేసిన ఇథనాల్‌కు 2021-22లో లీటరుకు 52 రూపాయల 92 పైసలు ఇచ్చేవారు. తర్వాత అది 71 రూపాయల 86 పైసలు అయింది. అంటే 36 శాతం పెరిగింది. మక్కల మద్దతు ధర అదే 2021-22లో 1870, 2025-26లో 2400. అంటే 28 శాతం. అదీ కాగితం మీద. క్వింటాలు మక్కల నుంచి సుమారు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 71.86 లెక్కన 2730 రూపాయలు. 30 కిలోల దాకా పశువుల దాణా, డీడీజీఎస్ అంటారు, అది కూడా మిగులుతుంది, దాని ధర వేరే. మద్దతు ధర 2400 ఇచ్చి కొంటే ఫ్యాక్టరీకి క్వింటాలు మీద 330 రూపాయలు, దాణా డబ్బులు మిగులుతాయి. అందులోంచి బొగ్గు, ఎంజైములు, కూలి, వడ్డీ పోవాలి. గట్టి లెక్కే, ఒప్పుకుంటాం. కానీ అవే మక్కలు 1800కు కొంటే మిగిలేది 930. ఇథనాల్ ధర మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే, పైసా తగ్గదు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండించిన రైతు క్వింటాలుకు 600 చొప్పున ఎకరా మీద 15 వేలు పోగొట్టుకున్నాడు. ఆ 15 వేలు పెట్రోల్ పోయించుకునేవాడికి తగ్గిందా అంటే అదీ లేదు.

ఇంకో లెక్క కూడా వేశాం, ఇది సభలో చెబితే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నెలకు 20 లీటర్ల పెట్రోల్ పోయించుకునే రైతు బండిలో 4 లీటర్లు ఇథనాల్. ఆ 4 లీటర్లకు పదిన్నర కిలోల మక్కలు కావాలి. కిలో 18 చొప్పున వాటిని ఆయన 189 రూపాయలకు అమ్మాడు. బంకులో ఆ 4 లీటర్లనే లీటరు వంద దాటిన ధరకు, 400కు పైన పెట్టి తిరిగి కొన్నాడు. మధ్యలో తయారీ ఖర్చు, రవాణా, పన్నులు, డీలరు కమీషను ఉన్నాయి, కాదనం. కానీ అమ్మేటప్పుడు ధర ఆయన చేతిలో లేదు, కొనేటప్పుడు కూడా ఆయన చేతిలో లేదు.

మక్కల ధర ఎందుకు పడింది? పంట ఎక్కువైంది అంటారు. అది ఒక కారణమే. అసలు మమ్మల్ని మక్కల వైపు తోసింది ఎవరు? 2023 జూలైలో ఇథనాల్‌కు ఎఫ్‌సీఐ బియ్యం ఇవ్వడం ఆపేశారు. ఆ డిసెంబరులో చెరుకు రసం వాడొద్దని ఆంక్ష పెట్టారు, వారం దాటాక కొంత సడలించారు. ఫ్యాక్టరీలకు మక్కలే దిక్కయ్యాయి. ధర పెరిగింది, మంచి కాలం వచ్చిందని మనం పత్తి చెలకల్లో కూడా మక్కలు వేశాం. నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సంస్థలు మద్దతు ధరకు కొని డిస్టిలరీలకు ఇస్తాయని 2024లో ప్రకటించారు, మన మండలాల్లో ఆ కొనుగోలు కళ్లతో చూసినవారు మాకు ఇప్పటికీ దొరకలేదు. ఇంతలో 2025లో గోదాముల్లో బియ్యం నిండాయని ఇథనాల్‌కు 52 లక్షల టన్నుల ఎఫ్‌సీఐ బియ్యం కేటాయించారు. క్వింటాలు 2250 రూపాయలకు. మక్కల కంటే బియ్యం చౌక అయినప్పుడు ఫ్యాక్టరీవాడు మక్కలెందుకు కొంటాడు?

ఆ 2250 ధర సంగతి కూడా చూడండి. క్వింటాలు వడ్లు ఆడిస్తే 67 కిలోల బియ్యం లెక్క. 2300 మద్దతు ధర వడ్లతో క్వింటాలు బియ్యం కావాలంటే వడ్లకే 3400 దాటుతుంది. మిల్లు కూలి, బస్తాలు, రవాణా, గోదాము కిరాయి దాని మీద. అట్లాంటి బియ్యాన్ని 2250కి ఇచ్చి, మిగిలింది ప్రజల డబ్బుతో పూడ్చి, ఆ చౌకతో మక్కల గిరాకీని కొట్టారు. వరి వేసిన రైతు, మక్కలు వేసిన రైతు మనలో ఒకరే. ఒక చేను వడ్లతో ఇంకో చేను మక్కల ధర పడగొట్టారు.

ఫ్యాక్టరీల పరిస్థితి కూడా వింతగా ఉంది. 2025-26 సంవత్సరానికి 1776 కోట్ల లీటర్లు ఇస్తామని కంపెనీలు ముందుకొస్తే, ఆయిల్ కంపెనీలు 1048 కోట్ల లీటర్లకే ఒప్పుకున్నాయి. కట్టిన ఫ్యాక్టరీల్లో చాలా భాగం ఖాళీగా కూర్చుంటుంది. ఇక ఇరవై శాతాన్ని ఇంకా పెంచమని వాళ్లు ఢిల్లీలో ఒత్తిడి పెడుతున్నారు. ఇన్ని ఖాళీగా ఉంటే మన ఊళ్లలో కొత్తవి ఎందుకు అని అడిగిన నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం 2024 నవంబరులో రోడ్డెక్కితే పనులు ఆగాయి. గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో రైతుల మీద కేసులు పెట్టారు. నీళ్లు, కంపు, పొగ గురించి ఆ ఊళ్లవాళ్లు అడిగే ప్రశ్నలు వేరే వ్యాసానికి సరిపడా ఉన్నాయి, వచ్చే సంచికలో రాస్తాం.

ఆదిలాబాద్ సోయా రైతులు ఇంకో మాట చెబుతున్నారు. ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి దాణా గుట్టలుగా వచ్చి పడుతుంటే కోళ్ల దాణాలో సోయా చెక్కకు గిరాకీ తగ్గింది. 2025-26లో సోయా మద్దతు ధర 5328. మార్కెట్‌లో అది కూడా అందలేదు. ఒక పంటకు మేలు అన్నది పక్క పంటకు దెబ్బ అయింది, ఈ లెక్క ఎవరి ఫైలులోనూ ఉన్నట్టు లేదు.

అమెరికా రైతు సుఖంగా ఉన్నాడని మేం చెప్పడం లేదు. అక్కడ పండే మక్కల్లో మూడో వంతుకు పైగా ఇథనాల్‌కే పోతుంది, అది 2005లో, 2007లో చేసిన చట్టాల బలం మీద. ఆ చట్టం కదిలితే వాళ్ల గుండె కదులుతుంది. అయినా రెండు తేడాలు చెప్పాలి. అక్కడ ఇథనాల్ ఫ్యాక్టరీల్లో చాలావాటిలో రైతులే వాటాలు వేసుకున్నారు, మక్కల ధర పడినా ఫ్యాక్టరీ లాభంలో కొంత ఇంటికి వస్తుంది. రెండోది, బంకులో ఏది పోయించుకోవాలో కొనేవాడి ఇష్టం. బ్రెజిల్‌లో 1975లోనే ఇథనాల్ కార్యక్రమం మొదలుపెట్టారు, 2003 నుంచి రెంటికీ పనికొచ్చే కార్లు వచ్చాయి. అక్కడ బంకు ముందు ఆగిన మామూలు డ్రైవరు ఇథనాల్ ధర పెట్రోల్ ధరలో 70 శాతం కంటే తక్కువుంటే ఇథనాల్ పోయించుకుంటాడు, ఎక్కువుంటే పెట్రోల్. చదువు లేనివాడికి కూడా వచ్చిన లెక్క అది. మన దగ్గర 2003లో ఐదు శాతంతో మొదలుపెట్టినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ తొమ్మిది రాష్ట్రాల్లో ఉంది. ఇన్నేళ్లలో శాతం పెరిగింది తప్ప రెండో పైపు రాలేదు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. కోర్టు తలుపు మూసుకుంటే ప్రభుత్వాన్ని అడగాల్సిందే.

జిల్లా కమిటీ ఈ విషయం మీద రెండు రోజులు మాట్లాడింది. ఇథనాల్ కార్యక్రమాన్నే ఆపమనాలని కొందరన్నారు. ఆపితే ముందు పడేది మక్కల ధరే అని ఇంకొందరన్నారు. వాదన గట్టిగానే జరిగింది. చివరికి ఒప్పుకున్నది ఇది. చెరుకు కొనే ఫ్యాక్టరీ 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కేంద్రం చెప్పిన కనీస ధర 14 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే వడ్డీ కట్టాలి. బకాయిలు పెట్టే ఫ్యాక్టరీలున్నాయి, నిజమే, కానీ పట్టుకుని అడగడానికి ఒక కాగితం ఉంది. మక్కలు కొనే ఇథనాల్ ఫ్యాక్టరీకి అట్లాంటి కాగితం ఏదీ లేదు. లీటరుకు 71.86 ఇచ్చేది ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు. ఆ డబ్బు తీసుకునే ఫ్యాక్టరీ, రైతుకు మద్దతు ధర కట్టినట్టు రసీదు చూపించాలి, చూపించకపోతే ఆ లీటర్లకు ఆ ధర ఇవ్వొద్దు. దళారి దగ్గర కొన్నాం, మాకు తెలియదు అంటే కుదరదు. ఎఫ్‌సీఐ బియ్యం ఎంత, ఏ నెలలో, ఏ ధరకు ఇస్తారో విత్తనం వేయకముందే చెప్పాలి, పంట కల్లంలో ఉన్నప్పుడు కాదు. ప్రతి మండలంలో కనీసం ఒక్క బంకులో, స్ప్రేయర్లకు, పాత బండ్లకు ఇథనాల్ లేని పెట్రోల్ పెట్టాలి. నీతి ఆయోగ్ రాసిన ధర తగ్గింపు సంగతి కూడా అడుగుతున్నాం, వస్తుందన్న ఆశ మాకు అంతగా లేదు.

యాసంగి మక్కలు మరో రెండు నెలల్లో మార్కెట్‌కు వస్తాయి. ఈలోపు కలెక్టరు దగ్గర, మార్కెటింగ్ శాఖ దగ్గర కూర్చోవాలంటే చేతిలో కాగితాలు ఉండాలి. వానాకాలం మక్కలు అమ్మిన తక్‌పట్టీలు పారేయకుండా తీసుకురండి. పచ్చి చిట్టీ రాసిచ్చి పంపితే ఆ చిట్టీ అయినా తేండి, వెనక తేదీ, తేమ ఎంత కోశారో, ఎన్ని కిలోలు తరుగు తీశారో రాయండి. స్ప్రేయరు, వీడరు బాగు చేయించిన బిల్లులు కూడా తేండి, మెకానిక్ బిల్లు ఇవ్వకపోతే మార్చిన సామాను పేరు, ఇచ్చిన డబ్బు ఒక కాగితం మీద రాయించుకొని ఆయన సంతకం తీసుకోండి. పాత పైపు, పాడైన డయాఫ్రమ్ ఉంటే సంచిలో వేసుకొని రండి. మండల కార్యదర్శులు వాటిని ఊరి పేరు రాసి జిల్లా ఆఫీసుకు చేర్చాలి. దరఖాస్తు కాగితంతో పాటు అవి కూడా కలెక్టరు బల్ల మీద పెడతాం.